కృష్ణపక్షంలో వేణ్ణీళ్ళు

బహుళ పంచమి

పొద్దుగూకి అయిదు రోజులైంది. తెల్లారడానికి ఇంకా పది. చందమామ తూర్పు అంచున కాపురం పెట్టినవాళ్ళకి ఒక సుఖం ఉంది, వేరే గడియారం అక్కర్లేదు. పున్నమినాడు పొద్దుగూకుతుంది, అమావాస్యనాడు తెల్లారుతుంది. శుక్లపక్షమంతా పగలు, కృష్ణపక్షమంతా రాత్రి. మా అమ్మమ్మ అమావాస్యనాడు గడప దాటేది కాదు. ఆవిడ మనవరాలు ఇక్కడ కూర్చుని అమావాస్య ఎప్పుడొస్తుందా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

ఆ లెక్క ఇవాళ పొద్దున సభలో నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను.

మా తూర్పంచు ఊళ్ళో సామాన్ల గది చూసుకునేది కొండల్రావు గారు. నాలుగేళ్ళ కిందట కట్టి, కరెంటు చాలక ఒక్కనాడూ వాడని స్నానాల గదిని తనకిస్తే విడిభాగాల పెట్టెలు సర్దుకుంటానని అడిగారు. కోరిక సబబైనదే. కానీ దానికో తోక తగిలించారు. రాలిన వెంట్రుకలు గాలి జల్లెళ్ళకు చుట్టుకుంటున్నాయట, స్నానాల గది లేనిచోట పొడుగు జుట్టు ఉండకూడదట, కాబట్టి గది తీసేసిన రోజునుంచి ఆడా మగా అందరూ జుట్టు వేలెడు మించకుండా కత్తిరించుకోవాలట. కొండల్రావు గారిది నున్నటి బట్టతల. ఎదుటివాళ్ళ జుట్టు మీద ఆయనకు అంత ధైర్యం అందుకే.

ముందు వరసలో మస్తానమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మా తోటంతా ఆవిడ చేతిలోనే పెరుగుతుంది. ఊరు కట్టడానికి వచ్చిన మొదటి జట్టులో ఇంకా ఇక్కడ ఉన్నది ఆవిడొక్కతే. నడుం దాటే తెల్లటి జుట్టు. వచ్చిన పందొమ్మిదేళ్ళలో ఆ తల మీద చెంబెడు నీళ్ళు పడలేదు. మా అందరిలాగే తడిగుడ్డ స్నానం, పాయ పాయ విడదీసి తుడుచుకోవడం. కొండల్రావు గారి మాటకి ఆవిడ చెయ్యి మెల్లగా వెనక్కి పోయి కొప్పు తడుముకుంది. అది చూశాక నేను కూర్చోలేకపోయాను.

“నరక చతుర్దశికి ఊరందరికీ తలంటుకి వేణ్ణీళ్ళు నేను కాచి ఇస్తాను. బ్యాటరీ ఎర్రగీత దిగకుండానే ఇస్తాను. ఇవ్వలేకపోతే గది మీది, జుట్టూ మీది,” అన్నాను.

ఊళ్ళో నీళ్ళ గొట్టాలన్నీ నా చేతికింద ఉంటాయి గనక సభ నా మాట నమ్మింది. బ్యాటరీలు చూసుకునే పైడిరాజు ఒక్కడే రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పైడిరాజు మా మేనత్త కొడుకు, నా మొగుడు. ఎర్రగీత దాటి ఒక్క యూనిట్టు కూడా కిందికి పోనివ్వని మనిషి. పండగపూట ఇంట్లో పొయ్యి మీద పాయసం మరుగుతుంటే కూడా మీటరు చూస్తాడు.

బహుళ షష్ఠి

నీళ్ళు కాచడమంత సులువైన పని ఇంకోటి లేదు. మూడే ప్రశ్నలు. నీళ్ళు ఎన్ని? ఎంత వేడెక్కాలి? ఎంతసేపట్లో? కిలో నీళ్ళని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి నాలుగూ పాయింటు రెండు కిలోజౌళ్ళు పడతాయి, భూమ్మీదా అంతే, ఇక్కడా అంతే. నీళ్ళకి ఊరు మారినా బుద్ధి మారదు.

మనిషికో బక్కెట్టు, అంటే పదిహేను లీటర్లు. ఊళ్ళో మేం మొత్తం ఎనభై ఒక్కరం. లెక్క మొదలుపెట్టగానే బావ అడ్డుపడి తన పేరు తీసెయ్యమన్నాడు. తనకి తడిగుడ్డ చాలట. ఎనభై మందికి పన్నెండు వందల లీటర్లు. తొట్టిలో నీళ్ళు పదిహేను డిగ్రీలు, ఒంటికి చురుక్కుమనాలంటే నలభై అయిదు కావాలి. అంటే ముప్పై డిగ్రీలు ఎక్కించాలి. మొత్తం నలభై రెండు యూనిట్లు.

దాన్ని గంటలో కాచాలంటే నలభై రెండు కిలోవాట్ల హీటరు కావాలి. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే ఊరు చీకటైపోతుంది. అదే రోజంతా నిదానంగా కాస్తే రెండు కిలోవాట్ల లోపు హీటరు సరిపోతుంది. హీటరు చిన్నదైతే మన ఓపిక పెద్దదవాలి, అంతే.

చిక్కు ఓపిక దగ్గర కాదు, యూనిట్ల దగ్గర వచ్చింది. రాత్రి చివరికొచ్చేసరికి, చతుర్దశినాడు, బ్యాటరీలో అన్నీ పోను మిగిలేది ముప్పై యూనిట్లు. పన్నెండు తక్కువ. నీళ్ళు ఇంకాస్త చల్లగా ఉంటే కుదరదా అని బావ అడిగాడు. తలంటుకి గోరువెచ్చటి నీళ్ళిస్తే జనం నన్నే తలంటుతారని చెప్పాను.

“ఒలే ఈశ్వరీ, నీ నోటికి తాళం ఎయ్యడానికి ఎన్ని యూనిట్లవుతాదో ముందు ఆ లెక్క తియ్యి,” అన్నాడు.

బహుళ అష్టమి

జనం బంగారం. పన్నెండు యూనిట్ల కోసం నేను గడప గడపకీ తిరిగాను. వంటశాలవాళ్ళు రెండు పూటలు పొయ్యి వెలిగించకుండా అటుకులు నానబెట్టి పెడతామన్నారు. రాత్రి సినిమాలు పండగ దాకా మానేశారు. బట్టలు ఆరబెట్టే యంత్రం ఆపి, తీగల మీద ఆరేసుకుంటామని ఆడవాళ్ళు ముందుకొచ్చారు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు తలా ఒక చెయ్యి వేశారు. ముప్పైకి పన్నెండు కలిసి సరిగ్గా నలభై రెండయ్యాయి. కొండల్రావు గారు కూడా తన గదిలో దీపం ఒకటి తీసేసి, “నా పట్టుదల వేరు, పండగ వేరండీ,” అన్నారు. ఆ మాటకి ఆయన మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం దాచుకున్నాను.

బహుళ నవమి

ఇవాళ చిన్న తొట్టిలో కాచి చూశాను. ధర్మామీటరు నలభై అయిదు చూపించింది. శకునం బాగుంటుందని మస్తానమ్మ పెద్దమ్మనే పిలిచి బక్కెట్టు నింపి ఇచ్చాను. ఆవిడ చెయ్యి ముంచి నా ముఖంలోకి జాలిగా చూసింది. నీళ్ళు జివ్వుమంటున్నాయి.

తప్పు నాదే. భూమ్మీదైతే వేడెక్కిన నీళ్ళు గబగబా కదిలి మిగతావాటితో కలిసిపోతాయి. ఇక్కడ బరువు ఆరో వంతే గనక వాటికీ బద్ధకమే. హీటరు చుట్టూ ఉన్న నీళ్ళు వేడిగా, అడుగువి చల్లగా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నేను ధర్మామీటరుని హీటరు పక్కనే పెట్టాను. తెడ్డు తెచ్చి పులిహోర కలిపినట్టు అటూ ఇటూ కలిపాక దారికొచ్చాయి.

ఈసారి బక్కెట్టులో ఆవిర్లు లేచాయి. పెద్దమ్మ సంతోషపడి, బక్కెట్టు చుట్టూ చూసి, మిగతా నీళ్ళేవని అడిగింది. మనిషికి ఇంతే అన్నాను.

“ఏందమ్మాయ్, తలకి నూనె పెట్టి, కుంకుడు రసం రుద్ది, ఒక్క బక్కెట్టుతో వదిలించుకోవాలా? ఇయ్యి కాళ్ళు కడుక్కోడానికి సరిపోతయ్యి. తలంటుకి రెండుకి తగ్గితే నూనె పోదు, కుంకుడు నురగా పోదు. జుట్టు బంకబంకగా ఉంటది,” అంది.

నా లెక్క పుస్తకంలో స్నానం లెక్క. తలంటు లెక్క కాదు. చిన్నప్పుడు మా అమ్మ నా తల మీద ఎన్ని చెంబులు పోసేదో గుర్తుచేసుకుని ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. కళ్ళు మండుతున్నాయని నేను ఏడవడం, మంట తగ్గడానికి అమ్మ నోట్లో ఉప్పుకల్లు పెట్టడం, మళ్ళీ పొయ్యడం, ఒక్క బక్కెట్టుతో ఏనాడు అయింది?

రెండు బక్కెట్లంటే రెండు వేల నాలుగు వందల లీటర్లు, ఎనభై నాలుగు యూనిట్లు. నా చేతిలో ఉన్నవి నలభై రెండు. ఊరంతా అటుకులు తిన్నా ఇంకో నలభై రెండు రావు.

బహుళ ఏకాదశి

రెండు రోజులు అన్ని లెక్కలూ తిరగేశాను. సగం మందికే పోద్దామా అంటే, ఎవరికి పోసి ఎవరికి మానాలి? సభలో కోతలు కోసినప్పుడు ఈ బుద్ధి ఏమైందో నాకే తెలియదు. చివరికి పెద్దమ్మకి నిజం చెప్పేద్దామని తోటకి వెళ్ళాను.

తోట మా ఊళ్ళో అన్నిటికంటే పెద్ద గది. బెండ, గోంగూర, పెసర, నువ్వు, చివర ఒక వరస అరటి. పెద్దమ్మ అరటి మొదట్లో కూర్చుని మట్టి గుల్ల చేస్తోంది. నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి ఆవిడకి తెలిసిపోయింది. నడుముకి దోపుకున్న కత్తెర తీసి నా చేతిలో పెట్టింది, ఆకులు కత్తిరించే కత్తెర.

“ఆ కొండల్రావు చేత ఎందుకు, నువ్వే తియ్యి. నీ చెయ్యి చల్లన,” అని వెనక్కి తిరిగి కొప్పు విప్పేసింది.

తెల్లటి జుట్టు మట్టిదాకా జారింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆవిడ మాత్రం నెమ్మదిగా కబుర్లు చెప్పుకుంటూ పోయింది, ఏడ్చే పిల్లని మరిపించడానికి పెద్దవాళ్ళు చెప్పే రకం కబుర్లు. పల్నాడులో వాళ్ళ దొడ్డి ఎంత ఉండేదో, రాతిబండ మీద కూర్చుని అయిదుగురు అక్కచెల్లెళ్ళు తలంట్లు పోసుకుంటే ఎంత గోలగా ఉండేదో చెప్పింది.

“నీళ్ళ చుక్క పారబోసేవాళ్ళం కాదమ్మాయ్. ఒంటిమీద పోసుకున్నది పోసుకున్నట్టే కాలవలో పడి అరటి పాదుకి పోయేది. చలికాలం గూడా ఆ మొక్కలు పచ్చగా ఉండేయి, వెచ్చటి నీళ్ళు తాగి,” అంది.

సరిగ్గా అప్పుడే మా నెత్తిమీద తోట హీటరు బుస్సుమని మొదలైంది. వెచ్చటి గాలి నా మెడకి తగిలింది.

నేను కత్తెర కింద పెట్టేశాను. ఆ హీటరు నాలుగు కిలోవాట్లది. ఈ చలిలో మొక్కలు బతకడానికి అది రోజంతా నడుస్తుంది, తొంభై ఆరు యూనిట్లు తాగుతుంది. దాని కరెంటు బావ ముందే విడిగా తీసిపెడతాడు, నా ముప్పై యూనిట్లలో అది లేదు. తోటకి కావలసింది వెచ్చదనం. అది గాలి ఇచ్చిందా, మనుషుల ఒంటిమీంచి జారిన వేణ్ణీళ్ళు ఇచ్చాయా అని మొక్క అడగదు. స్నానాల గదిలో పోసుకుంటే ఆ వేడంతా గొట్టాల్లోంచి వృథాగా పోతుంది. అదే తోటలో పోసుకుంటే?

పెద్దమ్మ ఇంకా వెనక్కి తిరిగే కూర్చుంది. కత్తిరించవేమని అడిగింది. కొప్పు పెట్టుకోమని చెప్పి ఇంటికి పరిగెత్తాను. చందమామ మీద పరిగెత్తడమంటే గెంతడమే గనక, దారిలో ఇద్దరిని గుద్దాను.

బహుళ ద్వాదశి

బావ నా లెక్కని దొంగలెక్క అన్నాడు. తోట హీటరు కరెంటు నీళ్ళకి వాడి, అదే మళ్ళీ తోటకి వాడినట్టు రాయడమేమిటని. ఒక అట్టు పోసి ఇద్దరికి పెట్టినట్టుందన్నాడు. అన్నం వార్చిన గంజి తాగుతాం కదా, దానికి వేరే పొయ్యి వెలిగిస్తామా అని నేను అడిగాను. అలా ఒక పూట గడిచింది.

తరువాత కూర్చుని ఇద్దరం కలిసి వేశాం. నీళ్ళు కాచడానికి ఎనభై నాలుగు. తోట పద్దెనిమిది డిగ్రీలు ఉంటుంది గనక, నలభై అయిదు డిగ్రీల నీళ్ళు అక్కడ పారి పద్దెనిమిదికి చల్లారేలోపు డెబ్బై అయిదుకి పైగా యూనిట్ల వేడి తోటలోనే వదిలిపెడతాయి. వదలనిది ఎనిమిదిన్నర. రోజూ అయ్యే ఖర్చుకి అదనంగా పడేది ఆ ఎనిమిదిన్నరే. మాకు మిగులు ముప్పై ఉండనే ఉంది. వంటశాలవాళ్ళని పొయ్యి వెలిగించుకోమని అప్పుడే కబురు పంపాను.

బావ మీసం దువ్వుకుంటూ రెండుసార్లు చూశాడు, మూడోసారి వేళ్ళ మీద చూశాడు. తప్పు దొరకలేదు.

“తోట పన్నెండు డిగ్రీలకి దిగితే మాత్రం నేను ఒల్లకోను. హీటరు ఏసేస్తాను. ఆనక ఎర్రగీత దాటిపోయిందంటే నన్ననకు. బెండ మొక్కలకి పండగ తెలీదు,” అన్నాడు.

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తనకీ రెండు బక్కెట్లు పోస్తానన్నాను. లెక్క చెడిపోతుందని వద్దన్నాడు.

బహుళ త్రయోదశి

ఇవాళంతా పెళ్ళి పనిలా సాగింది. ఎండిన అరటాకులతో తడికెలు అల్లి అరటి వరస పక్కన రెండు దొడ్లు కట్టాం, ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి ఒకటి. నూనె మొక్కల వేళ్ళకి పట్టకుండా కాలవలో ఇసక పోశాం. తోట గోడవతల ఆరు వందల లీటర్ల తొట్టి పెట్టి, వేడి బయటికి పోకుండా చుట్టూ మట్టి దట్టించాం. తొట్టిలో వాయకి ఇరవై మందికి నీళ్ళు. మూడున్నర కిలోవాట్లతో ఒక వాయ కాగడానికి ఆరు గంటలు. నాలుగు వాయలకి ఒక రోజు. పెద్దమ్మ దాచిపెట్టిన కుంకుడుకాయలు, భూమ్మీంచి ఓడలో ఎప్పుడో వచ్చినవి, గింజలు తీసి నానబెట్టింది. నువ్వుల నూనె గానుగ ఆడింది.

ఒక్కటే షరతు. ఒక వాయ ఖాళీ అయితేగాని రెండో వాయ కాగదు. జనం వరసగా వస్తుండాలి. వస్తారనే అనుకున్నాను. పండగ తలంటు ఎవరు వద్దంటారు?

బహుళ చతుర్దశి

ఎవరూ రాలేదు.

పొద్దున పదింటికి చతుర్దశి వచ్చింది. మొదటి వాయ సిద్ధంగా ఉంది. బావ తోట హీటరు ఆపేశాడు. రెండు దొడ్లూ ఖాళీగా ఉన్నాయి. మైకులో పిలిచాను. గంట చూశాను. మళ్ళీ పిలిచాను. చివరికి ఇల్లిల్లూ తిరిగితే అసలు సంగతి బయటపడింది. కొండల్రావు గారు పంచాంగం చూసి, నరక చతుర్దశి తలంటు తెల్లవారుజామున నాలుగున్నరకి చెయ్యాలని నిన్ననే అందరికీ చెప్పారట. నాలుగున్నర అంటే భూమ్మీద రాజమండ్రిలో తెల్లవారుజాము. జనమంతా నూనె రాసుకుని, ముహూర్తం కోసం రేపు తెల్లవారుజామునే వద్దామని ఇళ్ళలో కూర్చున్నారు. ఎనభై మందీ ఒకేసారి.

నేను పవరు లెక్కలో మూడో ప్రశ్న, ఎంతసేపట్లో అన్నది, హీటరునే అడిగాను. మనుషుల్ని అడగలేదు. మన జనానికి రోజంతా తీరికున్నా అందరికీ కావలసింది ఒకటే నిమిషం. పెళ్ళి భోజనాల దగ్గర మొదటి పంక్తి కోసం తోసుకునేవాళ్ళం, మనకి విస్తళ్ళు మూడు పంక్తులకి సరిపోయినా లాభమేముంది?

కొండల్రావు గారి దగ్గరికి వెళ్ళి బతిమాలాను. ఆయన కొంటెగా అన్నది కాదు, నిజంగా నమ్మి అన్నదే. శాస్త్రం చంద్రోదయ వేళ అని కూడా అంటుందని, ఇక్కడ చంద్రోదయం ఎలా చూడాలో తోచక భూమి టైము పట్టుకున్నానని చెప్పారు. ముహూర్తం తప్పితే తలంటు పోసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే అన్నారు.

తోట పదహారుకి దిగింది. మధ్యాహ్నానికి పద్నాలుగు. తొట్టిలో వేడి నీళ్ళు తొట్టిలోనే ఉన్నాయి, మట్టి కప్పుకుని హాయిగా. బావ స్విచ్చు దగ్గర నిలబడ్డాడు. రెండు హీటర్లూ నడిస్తే ఎర్రగీత దాటడం ఖాయం. అదే జరిగితే సాయంత్రానికల్లా కత్తెర బయటికి వస్తుంది. పదమూడు. బావ నా వంక చూడకుండా ధర్మామీటరు వంకే చూస్తున్నాడు, నా వంక చూస్తే చెయ్యి ఆడదని.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది. భుజాన తువ్వాలు, చేతిలో నూనె గిన్నె. వెనకే కొండల్రావు గారు ఆపడానికి వస్తున్నారు. ముహూర్తం కాలేదు, మీలాంటి పెద్దవారే ఇలా చేస్తే ఎలాగని.

“యాడి తెల్లవారుజాము, నాయనా? నువ్వు చెప్పేది రాజమండ్రిలో తెల్లారేది. మనకి తెల్లారేది ఇక్కడ. పున్నమినించీ ఇక్కడ తెల్లారలేదు. తెల్లారకముందే పోసుకోమన్నారు, నేను తెల్లారకముందే పోసుకుంటున్నా,” అంది పెద్దమ్మ.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బయట చిమ్మచీకటి, ఆకాశం అంచున దాదాపు నిండుగా భూమి.

పెద్దమ్మ తడిక వెనక్కి వెళ్ళి అరటి మొదట్లో పీట వేసుకుంది. నేను కొప్పు విప్పి నూనె పెట్టాను. మాడు మీద వేళ్ళు కదుపుతుంటే ఆవిడ భుజాలు ఒక్కొక్కటే దిగాయి. కుంకుడు రసం రుద్దాక తొలి చెంబు వంచాను. ఇక్కడ నీళ్ళు తొందరపడవు. చెంబు అంచు మీద ముద్దగా నిలబడి, జారి, నెమ్మదిగా దిగి, తల మీద పడ్డాక కూడా వదలకుండా జుట్టు పట్టుకుని పాకాయి. ఆవిడ ఒళ్ళంతా ఒకసారి వణికింది. చలికి కాదు. రెండో చెంబుకి గట్టిగా నవ్వింది. మూడో చెంబుకి ఏడుస్తోందో నవ్వుతోందో నురగలో తెలియలేదు. నీళ్ళు కాళ్ళకిందనుంచి ఇసకలోకి, ఇసకలోంచి అరటి పాదులోకి పొగలు కక్కుతూ పోయాయి.

ఊళ్ళో గాలి గొట్టాలన్నీ తోట మీదుగానే పోతాయి. నేను లెక్కలో వేసుకోనిది అదొకటి. కాసేపట్లో కుంకుడు వాసన గొట్టాల్లో పడి ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది. నూనె రాసుకుని కూర్చున్నవాళ్ళు ఆ వాసనకి ఎంతసేపు కూర్చుంటారు? ముందు వంటశాలవాళ్ళు వచ్చారు. తరువాత పిల్లల్ని చంకనేసుకుని తల్లులు. తడికెల రెండువైపులా గోల. కళ్ళు మండాయని ఎవరో కేక, ఉప్పుకల్లు ఏదని ఇంకెవరో. చూస్తుండగానే మొదటి వాయ అయిపోయింది.

నేను ధర్మామీటరు దగ్గరికి పరిగెత్తాను. పదిహేను. బావ స్విచ్చు మీంచి చెయ్యి తీసేసి ఆ చెయ్యి పంచెకి తుడుచుకుంటున్నాడు. చెమట పట్టిందట.

రెండో వాయ కాగుతోంది. మిగతావాళ్ళకి చీటీలు ఇచ్చాను. ఎవరూ ముహూర్తం మాట ఎత్తలేదు.

అమావాస్య

తెల్లారింది. ఇక్కడ సూర్యుడు ఒక్కసారిగా రాడు. ముందు కొండమీది సోలారు పలకల అంచు మెరిసింది, తరువాత పలక మొత్తం. మీటరు ముల్లు లేచింది. ఎర్రగీతకి పైనే, బావ అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే మిగిలింది. ఎనభై తలలకి తలంట్లు అయ్యాయి. నీళ్ళ వేడికి అంతమంది ఒంటి వేడి కూడా తోడై తోట పందొమ్మిది డిగ్రీలు, మా హీటరుతో ఏనాడూ అంత లేదు.

సభ కిటికీ గదిలో కూడింది. అందరూ ఎండ పడేచోటే కూర్చున్నారు, జుట్లు ఆరబెట్టుకుంటూ. కొండల్రావు గారు లేచి, తలంట్లు ఇకమీద తోటలోనే జరుగుతాయి గనక స్నానాల గదితో పని లేదని, అది తనకి ఇచ్చెయ్యాలని అడిగారు. నిజమే. గది ఆయనకి ఇచ్చేశాం. పందెం నేను గెలిచాను, గది మాత్రం ఆయనే పట్టుకుపోయారు. తరువాత ఆయన కాగితం తీసి రెండో భాగం చదవబోయారు, స్నానాల గది లేనిచోట పొడుగు జుట్టు ఉండకూడదన్నది.

ఎదురుగా మస్తానమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా కుర్చీ వెనక్కి పరిచింది, నేలదాకా. కొత్త ఎండలో ప్రతి వెంట్రుకా మెరుస్తోంది. ఆవిడ ఆయన వంక చూడనైనా చూడలేదు, కళ్ళు మూసుకుని వెచ్చగా కూర్చుంది. కొండల్రావు గారు కాగితం వంకా, ఆ జుట్టు వంకా చూసి కలం అడిగి తీసుకున్నారు.

“గది అన్నచోట కొట్టేసి దొడ్డి అని రాస్తున్నానండీ. మనకి దొడ్డి ఉంది గనక రెండో భాగం వర్తించదు,” అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, బహుళ చతుర్దశి నెలనెలా వస్తుంది కదా అని నన్ను అడిగారు. వస్తుందన్నాను. దాచుకున్న మిగతా సగం కోపం అక్కడ ఖర్చయిపోయింది.

సభ అయ్యాక తొట్టి కడగడానికి వెళ్ళాను. అడుగున ఒక బక్కెట్టు నీళ్ళు మిగిలి ఉన్నాయి, ఇంకా ఆవిరి వస్తోంది. నా లెక్క ప్రకారం ఏమీ మిగలకూడదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. కొండల్రావు గారు పట్టుపట్టి నాలుగున్నరకే వచ్చి, బట్టతలకి రెండో బక్కెట్టు ఎందుకని వదిలేసి వెళ్ళారు.

బావ ఇంకా మీటరు దగ్గరే ఉన్నాడు, నిన్నటి బట్టలతో. రెక్క పట్టుకుని తోటలోకి లాక్కొచ్చి అరటి మొదట్లో పీట మీద కూర్చోబెట్టాను. నెత్తిన నూనె పెడుతుంటే అడిగాడు.

“ఈ బక్కెట్టు ఏ పద్దులో రాస్తావు?”

“ఏ పద్దులోనూ లేదు బావా. కళ్ళు మూసుకో.”

చెంబు వంచాను. నీళ్ళు అంచు మీద నిలబడి, జారి, తీరిగ్గా దిగుతున్నాయి. అవి తల మీద పడేలోపే మా బావ నవ్వేశాడు.